రైస్ డీడీజీఎస్ 12 శాతం వేశాను, 24వ రోజుకి బరువు 900 గ్రాములు దాటలేదు. తప్పెక్కడ?

చేవెళ్ల రైతు · జులై 6, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నాది చేవెళ్ల దగ్గర 3,000 బ్రాయిలర్ కోళ్ల షెడ్డు. పిల్లలూ దాణా కంపెనీయే ఇచ్చే ఇంటిగ్రేషన్ కాదు, సొంతంగా పెంచుకుని సొంతంగా అమ్ముకుంటాను. దాణా కూడా నాలుగేళ్లుగా నేనే ఆడించుకుంటున్నాను. మొదటి 14 రోజులు మాత్రం కంపెనీ ప్రీ స్టార్టర్ సంచులు కొంటాను.

ఈసారి సోయా ఖర్చు తగ్గుతుందని రైస్ డీడీజీఎస్ (బియ్యం నుంచి ఇథనాల్ తీశాక మిగిలిన పిప్పి, ఆరబెట్టింది) తీసుకున్నాను. ఒక టన్ను, 50 కిలోల సంచులు 20. సోయా కంటే కిలోకి పది రూపాయలు తక్కువ పడింది. వ్యాపారి చూపించిన కాగితంలో ప్రోటీన్ 45 శాతం అని ఉంది. మన సోయా చెక్క కూడా దాదాపు అంతే కదా అని 100 కిలోల దాణాలో 12 కిలోల సోయా తీసేసి 12 కిలోల డీడీజీఎస్ వేశాను. మిగతా ఫార్ములా ముట్టుకోలేదు.

14వ రోజు వరకు పిల్లలు బాగున్నాయి. ఇవాళ 24వ రోజు. 50 కోళ్లు తూకం వేస్తే సగటు 890 గ్రాములు. మామూలుగా నాకు ఈ రోజుకి 1,100 దగ్గర వస్తుంది. పెద్దవీ చిన్నవీ కలిసి ఉన్నాయి, ఒక్క సైజు లేదు. రెక్కలు సరిగ్గా రాలేదు, వీపు మీద చర్మం కనిపిస్తోంది. నీళ్లు ఎక్కువ తాగుతున్నాయి, ఊక తడిసిపోతోంది. చావులు మాత్రం పెద్దగా లేవు, రోజుకి రెండు మూడు.

టెన్షన్‌గా ఉంది. డీడీజీఎస్ వెంటనే ఆపేయాలా? ఇంకేమైనా చూడాలా?

ఊక వాసన · జులై 6, రాత్రి 9:58

12 శాతమా అన్నా! మొదటిసారి వాడేవాళ్లు 3తో మొదలుపెడతారు.

ఇంటిగ్రేషన్ అల్లుడు · జులై 6, రాత్రి 10:15

నువ్వు నయం అన్నా, నీ దాణాలో ఏముందో నీకు తెలుసు. మాకు కంపెనీ లారీ వచ్చి దించి వెళ్తుంది. పోయిన బ్యాచ్‌లో పెల్లెట్ రంగు మారింది, ముక్కు దగ్గర పెడితే పుల్లగా వాసన. సూపర్‌వైజర్‌ని అడిగితే "ఫార్ములా మారింది అంతే" అన్నాడు. ఎఫ్‌సీఆర్ (కిలో బరువు రావడానికి తిన్న దాణా లెక్క) చెడిపోతే మాత్రం కోత మా పెంపకం చార్జీలోనే.

అనపర్తి అబ్బాయి · జులై 6, రాత్రి 10:31

మాది లేయర్ (గుడ్ల కోళ్ల) ఫారం అండి, బ్రాయిలర్ గురించి పూర్తిగా చెప్పలేను. మేము మొక్కజొన్న డీడీజీఎస్ మూడేళ్లుగా 5 శాతం లోపు వేస్తున్నాం, ఇబ్బంది రాలేదు. కానీ రైస్‌దీ మొక్కజొన్నదీ ఒకటి కాదండి. మొక్కజొన్నదానిలో ప్రోటీన్ 26 నుంచి 30 మధ్య ఉంటుంది, బియ్యం దానిలో 40 పైనే. కొనేవాడికి ఆ 45 అనే అంకె చూడగానే నోరూరుతుంది.

అసలు మన కష్టం చూడండి. పెట్రోల్‌లో 20 శాతం ఇథనాల్ కలపాలని డిస్టిలరీలు పెట్టారు. 2023 జులైలో ఎఫ్‌సీఐ బియ్యం ఇవ్వడం ఆపేస్తే అందరూ మొక్కజొన్న మీద పడ్డారు. మొక్కజొన్న ధర మా నెత్తిన పెరిగింది. ఎగుమతి చేసే దేశం కాస్తా 2024లో దిగుమతి చేసుకునే స్థితికి వచ్చింది. ఇప్పుడు అదే మొక్కజొన్నలో పిండి పదార్థం తాగేసి, పిప్పిని సంచిలో పోసి మళ్లీ మాకే అమ్ముతున్నారు. కొనకుండా ఉండలేం, కొంటే ఇదీ సంగతి.

కోళ్ల డాక్టరు · జులై 7, ఉదయం 6:50

చేవెళ్ల రైతు గారూ, ముందు కంగారు పడకండి. చావులు పెరగలేదంటే సమయం ఉంది. కొన్ని ప్రశ్నలు అడుగుతాను, చూసి చెప్పండి.

దాణాలో లైసిన్, మెథియోనిన్ (ప్రోటీన్‌లో ఉండే అమైనో ఆమ్లాలు) ఎంత వేస్తున్నారు? డీడీజీఎస్ వేసినప్పుడు ఆ లెక్క మార్చారా? ఉప్పు ఎంత? చనిపోయిన వాటిని కోసి చూశారా, కాలేయం ఏ రంగులో ఉంది? 20 సంచులూ ఒకే రంగులో ఉన్నాయా? నీళ్ల నిపుల్స్ ఏవైనా కారుతున్నాయా?

రంగు సంగతి ఊరికే అడగలేదు. పిప్పిని ఆరబెట్టేటప్పుడు వేడి ఎక్కువైతే మాడుతుంది. ప్రోటీన్ అంకె తగ్గదు, కానీ అందులోని లైసిన్ చక్కెరతో బిగుసుకుపోతుంది. ల్యాబ్‌లో కనిపిస్తుంది, కోడి పేగులో అరగదు. బెల్లం పాకం ముదిరితే నల్లబడుతుంది చూడండి, ఆ జాతి మార్పే ఇదీ.

చేవెళ్ల రైతు · జులై 7, ఉదయం 8:20

సార్, లైసిన్ టన్నుకి 1.5 కిలోలు, మెథియోనిన్ 2 కిలోలు. ఎప్పుడూ వేసేదే, మార్చలేదు. ఉప్పు 3 కిలోలు. నిన్న రెండింటిని కోశాను. కాలేయం మామూలుగానే ఉంది, పసుపు లేదు, ఉబ్బు లేదు. నిపుల్ లైన్ ఒకటి కారుతోంది, ఇప్పుడే పట్టుకున్నాను. కానీ ఊక అన్ని వైపులా తడిగానే ఉంది.

రంగు మీరు అడిగాక వెళ్లి చూశాను. అన్నీ ఒకేలా లేవు. కొన్ని లేత గోధుమ రంగు, కొన్ని కాఫీ పొడిలా ఉన్నాయి. కొన్నప్పుడు నేను రెండు సంచులే విప్పి చూశాను.

నాటుకోడి ప్రేమి · జులై 7, ఉదయం 9:05

నాకు పెరట్లో 40 వనరాజా కోళ్లు ఉన్నాయి, రాజేంద్రనగర్ నుంచి తెచ్చిన రకం. నేనూ పులిసిన దాణానే పెడతాను. డ్రమ్ములో నూకలు, తవుడు, పుల్ల మజ్జిగ ఒక చెంబు, మునిగేంత నీళ్లు. మూత పెట్టి రెండు మూడు రోజులు ఉంచుతాను. దోసె పిండిలా పొంగుతుంది, మంచి పుల్లని వాసన. కోళ్లు ఎగబడి తింటాయి. డబ్బా సరుకు కొని మోసపోయే బదులు బ్రాయిలర్‌కి కూడా ఇలాగే ఎందుకు చేయకూడదు?

కోళ్ల డాక్టరు · జులై 7, ఉదయం 9:30

40 కోళ్లకి చాలా మంచి పద్ధతి. పులుపు ఎక్కితే చెడ్డ బ్యాక్టీరియా తగ్గుతుంది, గింజలో బిగుసుకుని ఉన్న భాస్వరం కూడా కొంత విడుదలవుతుంది. పైన తెల్లటి పొర వస్తే పర్వాలేదు గానీ నల్లగానో పచ్చగానో బూజు కడితే మొత్తం పారబోయండి, పైపైన తీసి వాడకండి.

3,000 బ్రాయిలర్లకి కుదరదు. రోజుకి మూడు క్వింటాళ్ల పైన తడి దాణా కలపాలి, ఫీడర్లలో అంటుకున్నది పూట తిరిగేలోపు బూజు పడుతుంది. పైగా తడి దాణాతో కోడి పొట్ట నిండుతుంది కానీ అవసరమైనంత శక్తి అందదు. 40 రోజుల్లో రెండు కిలోలు దాటాల్సిన కోడికి అది పనికిరాదు. డీడీజీఎస్ కూడా పులిసిన గింజ పిప్పే, అయితే ఆరబెట్టింది. మనకి ఎండు దాణాలో కలిసేది అదే.

పాల డబ్బా · జులై 7, ఉదయం 10:12

మధ్యలో దూరినందుకు క్షమించండి. బీరు కంపెనీ పిప్పి కూడా కోళ్లకి పెట్టవచ్చా? మా గేదెలకి సంగారెడ్డి వైపు నుంచి ట్రాక్టర్లో తెప్పిస్తాం. పాలు బాగా ఇస్తాయి.

కోళ్ల డాక్టరు · జులై 7, ఉదయం 10:20

గేదెకి పెట్టండి, కోడికి వద్దు. అది బార్లీ పొట్టు, పీచు ఎక్కువ. పైగా వందలో 75 పాళ్లకు మించి నీళ్లే. ఎండాకాలంలో రెండు మూడు రోజుల్లో చెడిపోతుంది.

ఊక వాసన · జులై 7, ఉదయం 11:02

డాక్టరు గారూ, డిస్టిలరీ సరుకు కదా, కోళ్లకి మత్తెక్కుతుందా? మా ఊళ్లో ఒకాయన "ఆ దాణా తిన్న కోడి మాంసం సారా వాసన వస్తుంది" అని ప్రచారం చేస్తున్నాడు.

అయోవా నుంచి · జులై 7, ఉదయం 11:40

వాసనా రాదు, మత్తూ రాదు. నేను అమెరికాలో అయోవా రాష్ట్రంలో ఇథనాల్ ప్లాంటులో ఆరేళ్లుగా పని చేస్తున్నాను, సొంతూరు తణుకు దగ్గర. ఇథనాల్ అంతా బట్టీలో ఆవిరి చేసి లాగేశాకే అడుగున పిప్పి మిగులుతుంది. దాన్ని మళ్లీ డ్రైయర్‌లో ఆరబెడతాం. అందులో సారా మిగిలితే ముందు మా మేనేజర్ ఏడుస్తాడు, అమ్ముకునే సరుకు పోయిందని.

ఇక్కడ లెక్క బుషెళ్లలో. ఒక బుషెల్ అంటే దాదాపు 25 కిలోల మొక్కజొన్న. దాని నుంచి సుమారు 11 లీటర్ల ఇథనాల్, 7, 8 కిలోల డీడీజీఎస్ వస్తాయి. మిగతాది గాలిలోకి పోయే కార్బన్ డయాక్సైడ్. అంటే గింజ మూడో వంతుకి చిక్కబడుతుంది. పిండి పదార్థం పోయింది కాబట్టి మిగిలినవన్నీ మూడింతలు. ప్రోటీన్ మూడింతలు, పీచు మూడింతలు, భాస్వరం మూడింతలు. బూజు విషం కూడా మూడింతలు, దాన్ని మర్చిపోకండి. గింజలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం 10 పీపీబీ (వంద కోట్లలో 10 పాళ్లు) ఉంటే పిప్పిలో 30 దగ్గరికి చేరుతుంది.

రంగు గురించి డాక్టరు గారు చెప్పింది నిజం. ఇక్కడ మంచి సరుకు బంగారు రంగులో ఉంటుంది. చివర్లో పలచటి సిరప్‌ని పిప్పి మీద పోసి ఆరబెడతాం. సిరప్ ఎక్కువైతే గోలీకాయల్లాంటి ఉండలు కడతాయి, పైన మాడి లోపల తడిగా ఉంటాయి. మీ సరుకులో ఉండలు ఉన్నాయేమో చూడండి. అలాగే చాలా ప్లాంట్లు సిరప్ నుంచి నూనె కూడా తీసేస్తున్నాయి. కాబట్టి పాత పుస్తకాల్లో ఉన్న శక్తి లెక్కలు ఇప్పటి సరుక్కి సరిపోవు.

మిల్లు మేస్త్రి · జులై 7, మధ్యాహ్నం 1:15

ఫీడ్ మిల్లులో 17 ఏళ్లుగా సరుకు దించుకుంటున్నాను. ఒక్క మాట అడుగుతాను తమ్ముడూ. సంచుల మూతి కుట్టు చూశావా? 20 సంచులకీ ఒకే దారమా?

చేవెళ్ల రైతు · జులై 7, మధ్యాహ్నం 2:48

మేస్త్రి అన్నా, నీకు దండం పెట్టాలి. ఖాళీ సంచులు కూడా తీసి చూశాను. వాడినవి 7, మిగిలినవి 13. మొత్తం 20లో 9 సంచులకి తెల్ల దారం, మిషన్ కుట్టు, వరుస తప్పలేదు. 11 సంచులకి ఎర్ర దారం, వంకర టింకర చేతి కుట్టు. కింద పాత కుట్టు రంధ్రాలు కూడా కనిపిస్తున్నాయి. కాఫీ రంగు సరుకంతా ఎర్ర దారం సంచుల్లోనే ఉంది. వాడిన 7లో 4 ఎర్ర దారంవి.

ఉండలు లేవు. కానీ ఎర్ర దారం సరుకు చేత్తో నలిపితే తవుడులా మెత్తగా, కొంచెం పొట్టు తగులుతోంది.

మిల్లు మేస్త్రి · జులై 7, మధ్యాహ్నం 3:10

అనుకున్నాను. సంచి విప్పి సగం తీసి, నూనె తీసిన తవుడు కలిపి మళ్లీ కుట్టారు. తవుడు కలిపితే ప్రోటీన్ పడిపోతుంది కదా, దాన్ని లేపడానికి యూరియా వేస్తారు. పొలంలో చల్లే యూరియానే. ల్యాబ్‌లో నత్రజని కొలిచి 6.25తో గుణిస్తే ప్రోటీన్ అంటారు. అది యూరియా నుంచి వచ్చిందో, గింజ నుంచి వచ్చిందో ఆ పరీక్షకి తెలియదు. యూరియాలో నత్రజని 46 పాళ్లు. గుణించు. 287. అంటే వంద కిలోల సరుకులో ఒక్క కిలో యూరియా కలిపితే కాగితం మీద దాదాపు 3 శాతం ప్రోటీన్ పెరిగిపోతుంది.

ఇంటిగ్రేషన్ అల్లుడు · జులై 7, మధ్యాహ్నం 3:22

వీడెవడో గానీ వాణ్ని కట్టేసి కొట్టాలి.

కోళ్ల డాక్టరు · జులై 7, సాయంత్రం 5:05

కొట్టే ముందు పరీక్ష చేద్దాం. ఇంట్లో చేసుకోవచ్చు.

పచ్చి సోయాబీన్ గింజలు ఒక గుప్పెడు మిక్సీలో పొడి చేయండి. వేయించినవి, సోయా చెక్క పనికిరావు, వేడి తగలని గింజే కావాలి. అందులో యూరియాని అమ్మోనియాగా విడగొట్టే ఎంజైమ్ ఉంటుంది. గాజు సీసాలో రెండు చెంచాల డీడీజీఎస్, ఒక చెంచా సోయా పొడి, అర గ్లాసు గోరువెచ్చని నీళ్లు వేసి బాగా కుదిపి మూత బిగించండి. అరగంట తర్వాత మూత తీసి వాసన చూడండి. తెల్ల దారానికి ఒక సీసా, ఎర్ర దారానికి ఒకటి, డీడీజీఎస్ లేకుండా సోయా పొడితో ఇంకొకటి పెట్టండి, తేడా తెలుస్తుంది. ఎర్ర లిట్మస్ కాగితం దొరికితే తడిపి మూతికి వేలాడదీయండి. అమ్మోనియా ఉంటే నీలం అవుతుంది.

దీంతో యూరియా ఉందో లేదో తెలుస్తుంది, ఎంత ఉందో తెలియదు. దానికి ల్యాబ్‌కి పంపాలి. పంపేటప్పుడు ముడి ప్రోటీన్ ఒక్కటే కాకుండా నిజ ప్రోటీన్, యూరియా, పీచు, అఫ్లాటాక్సిన్ కూడా రాయించండి. ప్రతి సంచిలోంచీ పిడికెడు తీసి, రంగు ప్రకారం వేరువేరుగా పంపండి.

చేవెళ్ల రైతు · జులై 8, రాత్రి 8:55

చేశాను. సోయా గింజలు కిరాణా కొట్లో దొరకలేదు, విత్తనాల షాపులో అడిగితే మందు పట్టించినవే ఉన్నాయన్నాడు. చివరికి పరిగి వైపు మా మేనమామ పొలంలో వేయడానికి దాచుకున్న గింజల్లోంచి ఒక గ్లాసు తెచ్చాను. లిట్మస్ హైస్కూల్ సైన్స్ సారు ఇచ్చారు, రెండు ముక్కలు.

సోయా పొడి సీసా: పచ్చి చిక్కుడు వాసన, అంతే. తెల్ల దారం సీసా: పులిసిన వాసన, లిట్మస్ మారలేదు. ఎర్ర దారం సీసా మూత తీయగానే, చలికాలం పరదాలు దించిన షెడ్డులోకి తెల్లారి మొదట వెళ్తే ఎలా ముక్కులోకి కొడుతుందో అలా కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. కాగితం నీలమైంది. మా పాప "నాన్నా ఇంకోసారి చెయ్యి" అంటోంది.

ల్యాబ్‌కి రెండు ప్యాకెట్లు పంపాను. వ్యాపారికి ఫోన్ చేశాను. "మాకు ఎలా వస్తే అలా ఇస్తాం, కుట్టు సంగతి మాకు తెలియదు" అన్నాడు.

కోళ్లకి ఏం చేయాలి సార్? మొత్తం ఆపేసి సోయా పెట్టేశాను, దొరికిన ధరకి కొన్నాను.

కోళ్ల డాక్టరు · జులై 8, రాత్రి 9:40

సోయాకి తిరిగి వెళ్లడం మంచిదే. టన్నుకి లైసిన్ ఇంకో అర కిలో కలపండి, ఒక వారం. నిపుల్ లైన్ బాగు చేయించి తడి ఊక తీసేసి పొడి ఊక వేయండి.

ఇప్పుడు ఒక మాట చెప్పాలి, బాధ పడకండి. మోసం జరిగింది, నిజమే. కానీ మీ కోళ్ల బరువు తగ్గడానికి అసలు కారణం యూరియా కాదని నా అనుమానం. 11 సంచులూ తెల్ల దారంవే అయి ఉన్నా మీ కోళ్లు 1,100 గ్రాములు వచ్చేవి కావు.

లెక్క చూద్దాం. సోయా చెక్కలో లైసిన్ సుమారు 2.8 శాతం. అందులో 90 పాళ్లు కోడికి అరుగుతుంది, అంటే 2.5. రైస్ డీడీజీఎస్‌లో లైసిన్ సుమారు 1.3, అరిగేది 65 పాళ్లు అనుకుంటే 0.85. సరుకుని బట్టి ఇంకా తగ్గుతుంది. మీరు 12 కిలోల సోయా తీసి 12 కిలోలు ఇది వేశారు. సోయా ఇచ్చే అరిగే లైసిన్ 300 గ్రాములు, ఇది ఇచ్చేది 100 గ్రాములు. 100 కిలోల దాణాలో 200 గ్రాములు పోయింది. ఆ వయసు కోడికి 100 కిలోల దాణాలో అరిగే లైసిన్ 1,100 గ్రాముల దాకా కావాలి. అంటే దాదాపు ఐదో వంతు కొరత. దాన్ని పూడ్చాలంటే టన్నుకి రెండున్నర కిలోల లైసిన్ అదనంగా వేయాలి, మీరు అలాగే వదిలేశారు. అర్జినిన్ అనే ఇంకో అమైనో ఆమ్లం కూడా తగ్గి ఉంటుంది. రెక్కలు సరిగ్గా రాకపోవడం, సైజులు కలవకపోవడం అక్కడి నుంచే.

ప్రోటీన్ అంకె రెండింటికీ 45 అని ఒకటిగా కనిపించింది కాబట్టి కిలోకి కిలో మార్చేశారు. యూరియా లేని సరుకులో కూడా ఆ 45, సోయా 45 ఒకటి కాదు.

ఊక వాసన · జులై 8, రాత్రి 9:52

డాక్టరు గారూ, వ్యాపారిని వెనకేసుకొస్తున్నారా ఏంటి?

కోళ్ల డాక్టరు · జులై 8, రాత్రి 10:01

లేదు బాబూ. వాడి మీద ఫిర్యాదు ఇవ్వాల్సిందే. కానీ రేపు ఈయన ఇంకో వ్యాపారి దగ్గర మంచి సరుకు కొని మళ్లీ ఇదే ఫార్ములా ఆడిస్తే మళ్లీ 890 గ్రాములే వస్తుంది. అప్పుడు దారం ఏ రంగని చూస్తాం?

మిల్లు మేస్త్రి · జులై 8, రాత్రి 10:25

డాక్టరు గారి మాట ఒప్పుకుంటాను. మా మిల్లులో బ్రాయిలర్ స్టార్టర్‌లో అసలు వేయం. గ్రోయర్‌లో 3, 4 శాతం, ఫినిషర్‌లో 6 నుంచి 8, అంతకు మించి వెళ్లం. వేసినప్పుడు లైసిన్, థ్రియోనిన్ లెక్క కంప్యూటరే మార్చేస్తుంది, ప్రోటీన్ అరిగించే ప్రోటియేజ్ ఎంజైమ్ కూడా వేస్తాం. 8 దాటితే పెల్లెట్ కూడా గట్టిగా రాదు, పొడి రాలుతుంది. వానాకాలం బిన్‌లో గడ్డ కట్టి దిగదు, కుర్రాళ్లు కర్రలతో కొట్టాలి. ఆ తిట్లు నేను పడాలి.

అనపర్తి అబ్బాయి · జులై 9, ఉదయం 7:15

భాస్వరం సంగతి కూడా చెప్పండి డాక్టరు గారూ. మేము మొక్కజొన్న డీడీజీఎస్ వేసినప్పుడు డీసీపీ (భాస్వరం కోసం వేసే పొడి) కొంచెం తగ్గిస్తాం. అది మంచి ఆదా. పైగా పచ్చసొన రంగు కూడా బాగుంటుంది.

కోళ్ల డాక్టరు · జులై 9, ఉదయం 8:00

నిజమే. ఈస్ట్ పులిసేటప్పుడు గింజలో బిగుసుకున్న భాస్వరాన్ని విడదీస్తుంది, కోడికి అందేది పెరుగుతుంది. డీసీపీ కొంత తగ్గించవచ్చు, ల్యాబ్ కాగితం చేతిలో ఉంటేనే. రంగు మొక్కజొన్నదానికే, రైస్‌దానికి ఉండదు. బ్రాయిలర్‌కి మన దగ్గర ఆ రంగుతో పని లేదు, ఎక్కువమంది స్కిన్‌లెస్ కొట్టించుకుంటారు.

అయోవా నుంచి · జులై 9, ఉదయం 8:35

ఇంకొకటి. ఈస్ట్‌కి పోటీగా వచ్చే బ్యాక్టీరియాని ఆపడానికి కొన్ని ప్లాంట్లు పులిసే ట్యాంకులో యాంటీబయాటిక్ వేస్తాయి. హాప్స్ నుంచి తీసిన పదార్థాలు వాడేవాళ్లూ ఉన్నారు. నేరుగా ప్లాంటు నుంచి కొనేవాళ్లు ఆ మాట కూడా అడగండి. మధ్య వ్యాపారిని అడిగితే వాడికి తెలియదు.

చేవెళ్ల రైతు · జులై 18, సాయంత్రం 6:30

ల్యాబ్ కాగితాలు వచ్చాయి.

తెల్ల దారం: ముడి ప్రోటీన్ 44.8, నిజ ప్రోటీన్ 42, పీచు 7, యూరియా లేదు.
ఎర్ర దారం: ముడి ప్రోటీన్ 46.2, నిజ ప్రోటీన్ 36.9, పీచు 12, యూరియా 2.2 శాతం.
అఫ్లాటాక్సిన్ రెండింటిలో 14 పీపీబీ. ఇది పర్వాలేదా?

చూడండి, కల్తీ సరుక్కే ప్రోటీన్ ఎక్కువ చూపించింది!

కోళ్ల డాక్టరు · జులై 18, రాత్రి 7:10

కోళ్ల దాణాకి మన ప్రమాణం 20 పీపీబీ లోపు. 14 ఉన్నది డీడీజీఎస్‌లో, అది దాణాలో కొద్ది భాగమే కాబట్టి అక్కడ భయం లేదు. కానీ మీ మొక్కజొన్న కూడా వానాకాలం సరుకే, దాన్ని చూపించారా? టాక్సిన్ బైండర్ (బూజు విషాన్ని పట్టి ఉంచే మందు) మానకండి.

యూరియా 2.2 అంటే ఎర్ర దారం సరుకు పడ్డ దాణాలో పావు శాతం. కోడి చావదు, దానికి ఉపయోగమూ లేదు. గేదె పొట్టలో సూక్ష్మజీవులు యూరియాని ప్రోటీన్ చేస్తాయి, కోడికి ఆ ఏర్పాటు లేదు. బయటికి పంపేయడానికి నీళ్లు తాగుతుంది. ఊక తడవడంలో దాని వాటా ఉండొచ్చు, మీ నిపుల్ లైన్ వాటా కూడా ఉంది.

పాల డబ్బా · జులై 18, రాత్రి 7:25

అయితే ఆ ఎర్ర దారం సంచులు మా గేదెలకి ఇచ్చెయ్యి అన్నా 🙂

చేవెళ్ల రైతు · జులై 28, రాత్రి 9:15

బ్యాచ్ మొన్న లిఫ్ట్ అయింది (అమ్మకానికి వెళ్లింది). 44వ రోజు, సగటు 2.05 కిలోలు. మామూలుగా నాకు 40వ రోజుకి 2.2 వస్తుంది. ఎఫ్‌సీఆర్ 1.86, ఎప్పుడూ 1.65 దగ్గర ఉండేది. లైసిన్ పెంచాక 28వ రోజు నుంచి కొంచెం లేచాయి కానీ పోయిన పది రోజులు తిరిగి రాలేదు.

కూర్చుని లెక్క రాశాను. 14 నుంచి 24వ రోజు వరకు ఆడించిన దాణా 3 టన్నులు. డీడీజీఎస్ వల్ల మిగిలింది 3,600 రూపాయలు. ఎఫ్‌సీఆర్ చెడినందుకు కోళ్లు అదనంగా తిన్న దాణా పన్నెండు క్వింటాళ్ల పైన, అంటే 45 వేలు. నాలుగు రోజులు ఎక్కువ ఉంచిన కరెంటు, కూలీ వేరే. మా ఆవిడకి 3,600 మిగిలిందని మాత్రమే చెప్పాను.

వ్యాపారి ల్యాబ్ కాగితం చూశాక మెత్తబడ్డాడు. ఎర్ర దారం సంచులు 7 వెనక్కి తీసుకుని డబ్బిచ్చాడు. వాడేసిన 4 సంచులకి ఇవ్వనన్నాడు. పశుసంవర్ధక శాఖలో కాగితాలు పెట్టాను.

ఇంటిగ్రేషన్ అల్లుడు · జులై 28, రాత్రి 9:30

డబ్బు తిరిగి ఇచ్చాడా! మీ అదృష్టం అన్నా.

మిల్లు మేస్త్రి · జులై 28, రాత్రి 9:44

వెనక్కి తీసుకున్న ఆ 7 సంచులు ఎవరికి అమ్ముతాడో! ల్యాబ్ కాగితం పేర్లు కొట్టేసి ఇక్కడ పెట్టు తమ్ముడూ, చేవెళ్ల, శంకర్‌పల్లి, వికారాబాద్ వైపు వాళ్లు చూసుకుంటారు. సంచి కుట్టు ఫోటో కూడా పెట్టు.

నాటుకోడి ప్రేమి · జులై 28, రాత్రి 10:05

మళ్లీ డీడీజీఎస్ జోలికి వెళ్లరు కదా?

చేవెళ్ల రైతు · జులై 29, ఉదయం 6:40

కొత్త పిల్లలు గురువారం దిగుతున్నాయి. తెల్ల దారం సంచులు ఇంకా 6 ఉన్నాయి, కింద చెక్కలు పరిచి గోడకి దూరంగా పెట్టాను. 21వ రోజు నుంచి 4 శాతం వేస్తాను, టన్నుకి 850 గ్రాముల లైసిన్ అదనంగా. లెక్క సరిపోయిందా డాక్టరు గారూ?

కోళ్ల డాక్టరు · జులై 29, ఉదయం 7:05

లైసిన్ సరిపోయింది. థ్రియోనిన్ కూడా 200 గ్రాములు వేయండి. 21, 28 రోజుల్లో తూకం వేసి ఇక్కడ రాయండి. ఒక మూల 50 కోళ్లకి వల కట్టి పాత సోయా దాణానే పెట్టి చూడండి, పోల్చుకోవడానికి.

చేవెళ్ల రైతు · జులై 29, ఉదయం 7:12

కడతాను సార్. సోయా గింజలు ఇంకో గ్లాసు కావాలని మేనమామకి చెప్పాను. "దాణా ఆడిస్తున్నావా, ప్రయోగశాల పెట్టావా" అంటున్నాడు.